పలనాటి బ్రహ్మనాయుడు – క్షమాధర్మము

ప్రతి సంవత్సరమును కార్తీక బహుళ అమావాస్య మొదలుకొని ఐదు దినములు నాగులేటి యొడ్డున నున్న కారెంపూడిలో పలనాటి వీరుల యుత్సవములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు వరుసగా పేర్లు. శావల్యాపురము, వినుకొండ ప్రాంతములనుండి ఉత్తరముగా పయనించి వచ్చువారు కొందరు, మాచర్ల, గురజాల సీమలనుండి వచ్చువారు కొందరు, ఊరూర పూజలందుకొను వీరుల కొణతములను భక్తితో మోసికొని వచ్చువారు కొందరు, అందరును ఆ దినములలో వీరుల గుడికడ చేరుదురు. వీరవిద్యవంతులు పలనాటి కథను గానము చేయుచుండ జనులు కన్నీటితో విందురు. జరిగి ఎనిమిది వందల యేండ్లు దాటినను ఆ కథ ఆ నేలపై నిన్న జరిగినట్లే యుండును.

యుద్ధమును స్మరించు పండుగలో ఒక దినమునకు రాయబారమని పేరుండుట తలచుకొనదగిన విషయము. కత్తి దూయుటకు ముందు ఈ నేలపై మాట నడచినది. ఒక రాయబారము విషముతో ముగిసినది. మరియొక రాయబారము సంధి గడపవరకు వచ్చి తెగిపోయినది. కీడు చేసినవాడే ఇక పోరు చాలునని వర్తమానము పంపినపుడు, ఆ మాట మనసులోనుండి వచ్చినదా, భయమువలన వచ్చినదా, మరియొక పన్నాగమునకు నాందియా అని నిర్ణయింపవలసిన భారము ఒక్క మంత్రిపై బడినది. ఆ మంత్రియే బ్రహ్మనాయుడు. ఆతని జీవితమంతయు ఆ ఒక్క నిర్ణయమునకు పీఠికవలె నుండును.

పలనాటి యుద్ధము 12వ శతాబ్ది చివరి భాగమున, 1182 ప్రాంతమున జరిగినదని పలువురు చెప్పుదురు. 15వ శతాబ్దివాడైన శ్రీనాథ మహాకవి ఈ కథను మంజరీ ద్విపదలో రచించెను. అక్కిరాజు ఉమాకాంతముగారు దానిని పరిష్కరించి 1911లో ప్రకటించిరి. వీరవిద్యవంతుల నోట నిలిచిన కథను విని జీన్ రోఘైర్ అను అమెరికా విద్వాంసుడు 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను. పాడెడివారి పాఠములలోను, వ్రాసినవారి పాఠములలోను భేదములు కలవు. అయినను కథకు వెన్నెముక యొక్కటియే. ఇట చెప్పబోవునది ఆ వెన్నెముకను బట్టియే.

బ్రహ్మనాయుడు రేచర్ల వంశమువాడు. ఆతని తండ్రి దొడ్డనాయుడు హైహయ వంశీయుడైన అనుగురాజునకు మంత్రి. అనుగురాజు తన యిలవేల్పైన చెన్నకేశవస్వామితో దక్షిణమునకు వచ్చి, చందవోలు ప్రభువుల యాడుబిడ్డ మైలమదేవిని పెండ్లాడి, పలనాటిని అరణముగా పొంది, గురజాల రాజధానిగా నేలెనని కథ. మైలమదేవికి పుట్టినవాడు నలగామరాజు. మరియొక రాణికి పుట్టినవాడు మలిదేవరాజు. తండ్రి వెనుక మంత్రిత్వమునకు వచ్చిన బ్రహ్మనాయునికి ఈ సోదరుల నడుమ రాజ్యమును నిలుపుట మొదటి పని యయ్యెను.

ఆ కాలము వైష్ణవ ధర్మము తెలుగునేలపై క్రొత్త చిగురులు తొడుగుచున్న కాలము. 1017లో అవతరించి 1137లో పరమపదించిరని సంప్రదాయము చెప్పు భగవద్రామానుజులు తిరుక్కోష్టియూరు గోపురమెక్కి రహస్యమంత్రమును కోరినవారి కందరికి చెప్పిన ఉదంతము వైష్ణవులెల్లరు ఎరుగుదురు. ఆ దయయే బ్రహ్మనాయుని చేతలలోను కనబడును. చంద్రవంక తీరమున మాచర్లలో కొలువైన చెన్నకేశవుని ఆతడు తన సర్వస్వముగా నమ్మెను. స్వామి ప్రసాదమునకు కులభేదము లేదని చెప్పి, అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెను. అదియే చాపకూడు. మాలకులమున పుట్టిన కన్నమదాసును కుమారునిగా చేకొని సేనానాయకత్వమిచ్చెను. ఆనాటి సంఘమున ఇది ఎంతటి సాహసమో చెప్పనక్కరలేదు. జనులు ఆతనిని విష్ణ్వంశమువానిగా తలచి పాడుకొనుట ఇందువలననే.

చాపకూడు కేవలము భోజనపు టేర్పాటు కాదు. ప్రక్కన కూర్చున్నవాని చేతిని నమ్మి అన్నము తినుట అందలి సారము. పరులను నమ్ముట బ్రహ్మనాయునికి బలహీనత యని శత్రువులు తలచిరి. ఆతనికి అది వ్రతము.

నలగామరాజు కొలువున నాయకురాలు నాగమ్మ ప్రవేశించుటతో కథ మలుపు తిరుగును. జిట్టగామాలపాటికి చెందిన ఈ వనిత బుద్ధిబలముచే మంత్రిపదవి నందెను. ఆ యుగమున ఒక స్త్రీ రాజ్యతంత్రము నడుపుట సామాన్యము కాదు. ఆమె ధైర్యమును, నీతిచతురతను పాడువారు నేటికిని కలరు. ఆమెను వట్టి దుష్టురాలిగా చిత్రించుట ధర్మము కాదు. తన రాజునకు ఎదురులేకుండ చేయుట ఆమె పట్టుదల. ఆ పట్టుదలకు బ్రహ్మనాయుడు అడ్డముగా తోచెను. క్రమముగా ఇరు పక్షములకు నడుమ దూరము పెరిగి, మలిదేవరాజు తన సోదరులతోను బ్రహ్మనాయునితోను మాచర్లకు తరలెను. ఒక్క రాజ్యము రెండయ్యెను.

పిదప కోడిపోరు జరిగెను. ఓడినవారు 7 సంవత్సరములు రాజ్యము విడిచి పోవలెనని పందెము. నాగమ్మ పక్షమున మోసము జరిగెనని కథలు చెప్పును. బ్రహ్మనాయుని కోడి యోడెను. మోసము జరిగినదని ఎలుగెత్తి తగవు పెట్టుటకు ఆతనికి అవకాశముండెను. ఆతడట్లు చేయలేదు. ఆడిన మాటకు కట్టుబడి మలిదేవాదులతో రాజ్యమును విడిచెను. ఆ వలసలో వారి ఆలమందలపై నాగమ్మ పంపిన బలములు పడగా మందలను కాచుచున్న లంకన్న నేలకొరిగెను. ఉత్సవములలోని మందపోరు ఆ గోపాలకుని స్మరించునదియే.

ఈ 7 సంవత్సరములలో బ్రహ్మనాయుని కడకు క్షమాపణ వర్తమానము వచ్చినట్లు కథలో వినబడదు. పందెపు గడువు నిండినది. రాజ్యభాగము తిరిగి ఇమ్మని అడుగుటకు అలరాజును రాయబారిగా పంపిరి. అలరాజు కొమ్మరాజు కుమారుడు, నలగామరాజునకు స్వయముగా అల్లుడు. రాయబారిగానే కాక ఇంటి యల్లునిగాను పోవుచున్నవానికి కీడు కలుగదని ఎల్లరును తలచిరి. అలరాజు విషప్రయోగముచే మరణించెను. ఆతని భార్య పేరిందేవి, నలగాముని కన్నకూతురు, భర్తతో సహగమనము చేసెను. ఒక్క విషపాత్ర మామను అల్లునినుండియు, తండ్రిని కూతురినుండియు వేరుచేసినది. రాయబారి అవధ్యుడని రాజనీతి శాస్త్రములన్నియు ఘోషించును. లంకలో రావణుడు సైతము హనుమంతుని చంపబూని, విభీషణుని హితవు విని దూతవధ మానుకొనెను. గురజాలలో ఆ పాటి హితవు చెప్పి నిలుపువారు లేకపోయిరి.

ఇక యుద్ధము తప్పలేదు. ఇరు సేనలు కారెంపూడి మైదానమునకు చేరెను. అప్పుడు నలగామరాజు పక్షమునుండి సంధి వర్తమానము వచ్చెను. బ్రహ్మనాయుని జీవితమున కష్టతమమైన ఘడియ ఇదియే.

ఆ వర్తమానమును నమ్మదగునా? పంపినవారెవరు? కోడిపోరున మోసగించినవారు, మందలపై పడినవారు, తమ యల్లుని చంపినవారు. ఎప్పుడు పంపిరి? ఎదుట సేన నిలిచిన పిదప. ఏమని పంపిరి? పోరు మానుదమని. పోరు మానుదమనుట వేరు, మేము చేసినది తప్పనుట వేరు. మొదటిది అలసటవలనను రావచ్చును, భయమువలనను రావచ్చును. రెండవది పశ్చాత్తాపమువలన మాత్రమే వచ్చును. ఈ తారతమ్యము బ్రహ్మనాయునివంటి మంత్రికి తెలియకపోవునా? తెలిసియే ఆతడు సంధికి అంగీకరించెను.

ఆ రాయబారి ప్రాణముతో తిరిగి పోయెననుట మొట్టమొదట గుర్తింపవలసిన విషయము. తాము పంపిన రాయబారి శవమైనను, వారు పంపిన రాయబారిని బ్రహ్మనాయుని శిబిరము మర్యాదతో ఆదరించెను. ఎదుటివారి మాటలోని నిజమును తూచబోవు ముందు, తూచెడి త్రాసు తనయందు సరిగా నుండవలెను. కోపముతో వంగిన త్రాసులో బంగారమును తేలికయే యగును.

ఇట శ్రీమద్రామాయణమును తలచుకొనుట తగును. శావల్యాపురమునకు పొరుగున నున్న వినుకొండపై శ్రీరాముడు సీతమ్మవారి వార్తను వినెననియు, అందుచే ఆ కొండకు ఆ పేరు వచ్చెననియు ఆ ప్రాంతపు జనులు చెప్పుకొందురు. వినుట రాముని గుణము. సముద్రతీరమున విభీషణుడు వచ్చి ఆకాశమున నిలిచి శరణు వేడినపుడు కూడ ఆయన మొదట అందరి మాటను వినెను. సుగ్రీవుడు ఇది శత్రువుల మాయ యని భయపడెను. అంగదుడు గుణదోషములు పరీక్షించి స్వీకరింపవలెననెను. శరభుడు చారుని పంపుమనెను. జాంబవంతుడు వచ్చిన చోటును, వచ్చిన వేళయు అనుమానాస్పదములనెను. మైందుడు మెల్లగా ప్రశ్నించి తెలిసికొందమనెను. లోకమున క్షమాపణను పరీక్షించువారు నేటికిని ఈ ఐదు త్రోవలలోనే పోవుదురు.

హనుమంతుడు మాత్రము ఆ ఉపాయముల లోపములను చూపెను. ఏ పనియు అప్పగింపక గుణము తెలియరాదు. అప్పుడే వచ్చినవానికి పని అప్పగించుటయు తగదు. ఎదుట నిలిచినవానిపై చారుని పంపుట అర్థరహితము. హఠాత్తుగా ప్రశ్నించినచో మంచి మనసుతో వచ్చినవాడును శంకించి దూరమగును. వేళ సంగతి యందువా, రావణుని దౌష్ట్యమును రాముని పరాక్రమమును చూచి యోచించినవాడు వచ్చుటకు ఇదియే వేళ. ఆతని ముఖము ప్రసన్నము, మాట తొట్రుపడుట లేదు, లోపలి భావమును ఎంత దాచినను ఆకారము దాచజాలదు. ఇట్లు చెప్పి స్వీకరింపదగునని ఆయన తలంచెను. చివరకు రాముడిచ్చిన తీర్పు వీటన్నిటికిని మీదిది. మిత్రభావముతో వచ్చినవానియందు దోషమున్నను విడువనని ఆయన వ్రతము. విభీషణుడు నిజముగా మారెనా లేదా అను ప్రశ్నను ఆయన త్రోసివేయలేదు. ఆ ప్రశ్నకు జవాబు తేలువరకు తలుపు మూసియుంచుట తన ధర్మము కాదనెను, అంతే. వచ్చినవాడు దుష్టుడే యైనను తనకేమియు చేయజాలడన్న ధైర్యము ఆ మాట వెనుక నున్నది.

బ్రహ్మనాయుని అంగీకారమును ఈ వెలుగున చూచినచో అర్థమగును. సంధికి తలయూచినను ఆతడు సేనను తరలింపలేదు. నమ్మకముతో చేయి చాచెను, కావలి మాత్రము విడువలేదు. ఎదుటి రాజు మనసు మారెనని ఆతడు తీర్పు చెప్పినట్లు కాదు. మారుటకు ఒక త్రోవ తెరచియుంచెను. ఆ త్రోవ మూసినచో చచ్చువారు నలగాముడును నాగమ్మయు మాత్రమే కారు. ఇరువైపుల నిలిచినవారు ఒకే పలనాటి బిడ్డలు, ఒకే చెన్నకేశవుని తీర్థము పుచ్చుకొన్నవారు.

అంతలో బాలచంద్రుడు వచ్చెను. ఆతడు బ్రహ్మనాయుని కుమారుడు, ఐతాంబ కన్నబిడ్డ. తండ్రి యుద్ధభూమికి తీసికొనిపోక ఇంట నుంచగా, తల్లి యొద్దను భార్య మాంచాల యొద్దను సెలవు పొంది కారెంపూడికి వచ్చెను. సంధి మాట విని మండిపడెను. ఆతని ఆక్షేపము యువకుని ఆవేశమని కొట్టివేయదగినది కాదు. అలరాజు చావునకు జవాబేది? లంకన్న నెత్తురునకు జవాబేది? అన్యాయముగా 7 సంవత్సరములు అడవులపాలైన వారికి జవాబేది? చేసిన కీడు పేరెత్తక చేయు సంధి, పుండు కడుగక కట్టిన కట్టువంటిదని ఆతని భావము. కట్టు తెల్లగానే యుండును, లోపల చీము ఊరుచుండును.

ఈ ఆక్షేపమున సత్యమున్నది. నిజమైన క్షమాపణకు మొదటి గుర్తు చేసిన తప్పును దాని పేరుతో పిలుచుట. ఏదో జరిగినది, ఇక మరచిపోవుదమనువాడు తప్పును గాలికి విడుచును. నీ యల్లుని నేను చంపించితిననువాడు తప్పును తన తలపై పెట్టుకొనును. రెండవ గుర్తు పోయినదానిలో తిరిగి ఇయ్యదగినది ఇచ్చుట. ప్రాణమును ఎవ్వరు తిరిగి ఇయ్యలేరు, రాజ్యభాగమును ఇయ్యవచ్చును. మూడవ గుర్తు ఆ తప్పునకు కారణమైన త్రోవను విడుచుట. విషమిచ్చిన చేతిలో మరల పాత్ర కనబడరాదు. ఈ మూడును చూపి అడిగిన బాలచంద్రుని ప్రశ్నకు శిబిరమున నున్నవారు బదులు చెప్పలేకపోయిరి. సంధి తెగెను.

తండ్రి కుమారులలో ఎవరు సరియైనవారు? పలనాటి ముంగిళ్లలో ఎనిమిది వందల యేండ్లుగా ఈ తగవు తెగలేదు. కొంచెము నిదానించి చూచినచో ఇరువురు అడిగిన ప్రశ్నలు వేరు వేరని తెలియును. ఎదుటివారి పశ్చాత్తాపము నిజమా అని బాలచంద్రుడు అడిగెను. నిజము కాకపోయినను ఈ చేతిని త్రోసివేయుట ధర్మమా అని బ్రహ్మనాయుడు అడిగెను. మొదటి ప్రశ్నకు బాలచంద్రుని సందేహమే సరియైనది కావచ్చును. రెండవ ప్రశ్నకు ఆ సందేహము జవాబు కాజాలదు. సందేహము సరియైనంత మాత్రమున దానినుండి పుట్టిన తిరస్కారము సరియైనది కానక్కరలేదు. ఈ రెండు ప్రశ్నలను ఒక్కటిగా కలుపుకొనుటవలన ఎన్ని కుటుంబములు కూలెనో లెక్కలేదు.

అటుపై జరిగినది అందరెరిగినదే. నాగులేటి యొడ్డు నెత్తుట తడిసెను. బాలచంద్రుడు అద్భుతముగా పోరాడి వీరస్వర్గమందెను. మలిదేవరాజు పక్షమున పేరుగల వీరులు ఒకరి వెనుక నొకరు నేలకొరిగిరి. ఎదుటి పక్షమును అట్లే నశించెను. గెలుపు బ్రహ్మనాయునిదని చెప్పుదురు. గెలిచిన సింహాసనముపై కూర్చుండబెట్టుటకు తాను పెంచిన రాజు లేడు. తన వెనుక నిలుచుటకు కన్నకొడుకు లేడు. ఒకే చాపపై తనతో భుజించినవారు లేరు. ఈ యుద్ధముతో తీరాంధ్రపు రాజవంశములు బలహీనపడినవనియు, కొలది కాలమునకే, 1199లో రాజ్యమునకు వచ్చిన కాకతీయ గణపతిదేవుని యేలుబడిలో ఆ నేలలు ఓరుగంటికి లోబడుటకు ఇదియు ఒక కారణమనియు చరిత్రకారులు చెప్పుదురు. అన్నదమ్ములు పంచుకొనలేని నేల మూడవవాని పాలయ్యెను.

కథ ముగింపు ఒక్కొక్క పాఠమున ఒక్కొక్క తీరుగా నుండును. జనులెక్కువగా చెప్పుకొను పాఠము ప్రకారము బ్రహ్మనాయుడు ఓడిన నలగామరాజునే తిరిగి సింహాసనమున నిలిపి, తాను గుత్తికొండ బిలమునకు తపస్సునకై పోయెను. పిడుగురాళ్ల సీమలో నున్న ఆ కొండగుహలో చీకటి నీళ్ల నడుమ ఆ మహనీయుడు నేటికిని తపమాచరించుచున్నాడని నమ్మి యాత్రికులు తొలి ఏకాదశి మొదలగు పర్వములలో దర్శించుచుందురు.

ఈ ముగింపున గొప్ప మర్మము కలదు. యుద్ధమునకు ముందు నలగాముడు పంపిన మాటను నిజమా కాదా యని సందేహింప వీలుండెను. అప్పుడతనికి సేన యున్నది, మంత్రి యున్నది, దాచుకొనుటకు కోట యున్నది. యుద్ధము ముగిసిన పిదప తల వంచి నిలిచినవానికి దాచుకొనుటకు ఏదియు మిగులలేదు. కూతురును అల్లుడును ముందే పోయిరి. సోదరులు పోయిరి. ఆ నిలుచుటలోని దుఃఖమునకు సాక్ష్యమక్కరలేదు. అయినను అప్పుడు కూడ పగ తీర్చుకొనుటకు బ్రహ్మనాయునికి తగినంత కారణము కలదు. నాడు తిరస్కరింపబడిన క్షమ ఇంతటి మూల్యము చెల్లించిన పిదప మరల అదే చేతులనుండి వచ్చెను. రాజ్యము నలగామునికి దక్కినది ఆతని మాటవలన కాదు, బ్రహ్మనాయుని వ్రతమువలన. అయితే ఆ వ్రతము ముందే ఫలించియున్నచో నాగులేటి యొడ్డున ఇన్ని వీరశిలలు నిలుచుట తప్పియుండెడిది కదా అని తలచినవారి గుండె బరువెక్కును.

శరణాగతికి పెద్దలు చెప్పిన అంగములు ఈ సందర్భమున వైష్ణవులకు దారిదీపములు. ఆనుకూల్య సంకల్పమనగా ఇకపై మేలే చేయుదునను నిశ్చయము. ప్రాతికూల్య వర్జనమనగా కీడును విడుచుట. కార్పణ్యమనగా నాకు వేరు దిక్కులేదను దైన్యము. మహావిశ్వాసము, గోప్తృత్వ వరణము వీటికి తోడు. భగవంతుని ముందు చేయు ఈ శరణాగతినే మనుష్యుల నడుమ జరుగు క్షమాపణకును ఒరగల్లుగా పట్టవచ్చును. ఎదుటివాడు మేలు చేయ నిశ్చయించెనా? కీడును విడిచెనా? అహంకారమును దించుకొనెనా? మొదటి రెండును చేతలలో తెలియును, వాటికి కాలము కావలెను. మూడవది ముఖమున, కంఠమున కొంతవరకు తెలియును.

అయితే స్వామికిని మనకును ఒక భేదము కలదు. స్వామి అంతర్యామి, హృదయమును ఎరుగును, పరీక్షింప పనిలేదు. మనుష్యునికి హృదయము కనబడదు. కనబడనిదానిపై తీర్పు చెప్పబూనుట మనకు తగని పని. కనబడు నడవడిని మాత్రము ఓర్పుతో చూడవచ్చును. పొలముగట్టు కొరకు మాటలు మానుకొన్న అన్నదమ్ములలో తమ్ముడు పండుగపూట వచ్చి గడప కడ నిలిచినపుడు, ఆతని మనసున నేమున్నదో అన్న తెలిసికొనలేడు. గట్టు సరిచేసెనా లేదా యని మరుసటి తొలకరికి తెలియును. అంతవరకు గట్టుపై కన్నుంచవచ్చును, గడప కడ నున్నవానికి పీట వేయకపోవుట మాత్రము తగదు. వానికి పీట వేసినంత మాత్రమున పొలము వ్రాసియిచ్చినట్లు కాదు.

క్షమాపణ కోరి వచ్చువానికిని ఈ చరితమున పాఠమున్నది. మధ్యవర్తితో మాట పంపుటకంటె తాను వచ్చుట మేలు. పోరు మానుదమనుటకంటె నేను తప్పుచేసితిననుట మేలు. సేనలు ఎదురెదురు నిలిచిన పిదప వచ్చుటకంటె లంకన్న పడిన నాడే వచ్చుట మేలు. ఆలస్యమైన కొలది క్షమాపణ విలువ తరుగును, దానిని నమ్మవలసినవారి కష్టము పెరుగును. నలగామరాజు తన కూతురు బ్రతికియుండగా ఒక్క మాట తానే వచ్చి చెప్పియున్నచో బాలచంద్రునికి అడుగుటకు ప్రశ్నయే మిగిలెడిది కాదు.

2022లో నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు పలనాడనియే పేరు పెట్టిరి. ఆ పేరు వినగానే పౌరుషము స్ఫురించుట సహజము. కారెంపూడికి పోవు యాత్రికులు బాలచంద్రుని పౌరుషమునకు మ్రొక్కుదురు గాక, అది న్యాయమే. రాయబారము నాడు మాత్రము, తన రాయబారిని చంపినవారి రాయబారిని సగౌరవముగా సాగనంపిన బ్రహ్మనాయుని ఒక్క క్షణము తలచుకొనవలెను. తమ యింటి గడప కడ ఎవరైన నిలిచి యున్నారేమో చూచుకొనవలెను. తాము పోయి నిలువవలసిన గడప యేదైన కలదేమో అదియు చూచుకొనవలెను. మాచర్ల చెన్నకేశవస్వామి అందరకు వినుటకు ఓర్పును, చూచుటకు వివేకమును, తగినవేళ తలుపు తీయు ధైర్యమును అనుగ్రహించుగాక.